తేమ శాతం

రాత్రి పదకొండు. ఎనుమాముల యార్డుల
వరుసకు ఆగిన ట్రాలీల నడుమ
నేను, కావలి సారంగపాణి, ఒక చాయ్ ఫ్లాస్కు.
రేపటి కాంటాకు దడ్వాయిని నేను.
కొండల మీద పదకొండేండ్లు కొలువు చేసొచ్చిన సిపాయి ఆయన.

"గుల్మార్గ్‌ల ఒక చలికాలం
మూడు జతల స్కీలు చేతిల పెట్టి
ఏది ఎట్ల నడుస్తదో రాయిమన్నరు" అన్నడు.
"పెన్సిల్ తోని. పెన్నుల సిరా గడ్డకడుతది గద."

నాకు తెలిసిన మంచు
మబ్బుల పత్తిచేను మీద పడేది,
పొద్దెక్కితె పోయేది.
అదైతే తెల్లగుంటది, చల్లగుంటది, అంతేనాయె అన్న.

ఆయన లేచి పక్క ట్రాలీలకెళ్లి
గుప్పెడు పత్తి గుంజి నా చేతిల పెట్టిండు.
"ఇది గూడ తెల్లగనే ఉన్నది. అంతేనా?"

అంతే కాదు. వేళ్లకెరుక.
తొలి ఏరుడు పడితె గాలిని పట్టినట్టు,
మంచారకముందు ఏరింది మెత్తగ, మొండిగ,
ఆఖరి ఏరుడు గరుకు, పుల్లా పుడకా.
మిషను పొడవకముందే చెప్త
ఇది తొమ్మిది, ఇది పద్నాలుగని.

"అగో, గంతే."

మొదటి జత నాలుగేళ్ల వెడల్పట.
రాత్రి గడ్డకట్టి గాజోలె మెరిసే వాలు మీద
దాని అంచు కత్తిపీట.
ఒరిగితె చాలు, కొండ కాయితమైతది.
అదే జత కొత్తగ కురిసినదాన్ల
ముక్కు ముంచి ఆగిందట
దిగబడ్డ బండి లెక్క.

రెండోది అరచెయ్యంత వెడల్పు.
మోకాల్లోతు పిండి మంచుల
కాళ్లున్నయన్న సోయి ఉండదట.
"నీ కాంటా ఎక్కిస్తె సున్నా చూపెడ్తది రా!"
గట్టి నేల తగలంగనే గలగల వణుకుడు,
పండ్లు పండ్లు కొట్టుకునుడు.
ఒరిగించబోతె మోకాలు మొత్తుకునుడు.
ఇది చెప్పుకుంట కుడి మోకాలు రుద్దుకున్నడు.

మూడోదాని ముచ్చట ఎంతసేపటికి తియ్యడు.
చాయ్ పోసిండు. బీడీ ముట్టించబోయి
పత్తి యాదికొచ్చి జేబుల పెట్టుకున్నడు.

"అది ఎందుల గొప్పది కాదు" అన్నడు.
"గట్టిదాన్ల మొదటిదంత కరువది,
మెత్తదాన్ల రెండోదంత తేలది.
కని పగటీలి ఎండకు మంచు గట్కైతది సూడు,
పొద్దుమూకి ఆ గట్కే గడ్డలు గడ్డలుగ బిగుస్తది,
యెనుక పైన పొర, లోపల బోలు,
నలుగురు తొక్కి గెలికిన జాగలు...
ఒక్క దినంల ఒక్క కొండ మీదనే ఇవన్ని.
అన్నిట్ల నన్ను కిందికి తెచ్చింది.
గొప్పగ తేలె. తెచ్చింది."

"మరి ఏది మంచిదని రాసినవ్?"

"సాబు గూడ గట్లనే అడిగిండు.
ఎసొంటి మంచుకు సాబ్, అన్న.
తిట్టిండు."

రెండు గంటలకు ఆయన మోకాలు ముందు పసిగట్టింది,
తర్వాత తుంపర.
తాడిపత్రీలు కప్పుకుంట ఉరికినం
ఆఖరి ట్రాలీ దాకా.
ఆఖరిదానికి పత్రీ సాలలేదు.

అది నల్లబెల్లి ఓదెమ్మది.
తెల్లారి మిషను పొడిస్తె పదిహేను.
"నిన్న ఇంటికాడ తొమ్మిదుండె బిడ్డా" అంటది ఆమె.
కొనెటాయన అంకెనే చూస్తడు.
అంకె అబద్ధం చెప్పలె. నిజం గూడ చెప్పలె.
ఆమె చెయ్యి ఇంక పత్తిలనే ఉన్నది, అడుగు దాకా.
"అడుగున పొడవుండ్రి" అన్న.
దడ్వాయి అట్ల అనొద్దు. అన్న.
అడుగున పదికి కొంచెం పైన.
ఇద్దరు చానసేపు కొట్లాడుకున్నరు,
ధర రెండింటి నడుమ ఏడనో ఆగింది.

నేను ఇంటికి పొయ్యేటప్పుడు
గేటుకాడ తడిసిన దూది నేలంత పరుసుకోనున్నది.
ఎవలు చూస్తలేరని
రబ్బరు చెప్పు అంచు మీద ఒరిగి చూసిన.

పట్టలె.
సారంగపాణి కుర్సీలకెళ్లి లేవకుంటనే అన్నడు:
"పదిహేనుల గది నడువది."